అమ్మ సాక్ష్యం నేను రాశాను

నాకు ఓపిక తక్కువ. గొప్పగా చెప్పుకునే సంగతేం కాదు గానీ, జరిగిందంతా దానివల్లే జరిగింది కాబట్టి ముందే ఒప్పేసుకుంటున్నాను. బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే బస్టాండులో ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూనే ఉంటాను. అన్నం ఉడికిందో లేదోనని మూడుసార్లు మూత తీసి చూస్తాను. దేవుడి దగ్గరా అంతే. అడిగానంటే ఇవ్వాలి, ఇవ్వకపోతే ఎందుకివ్వలేదో చెప్పాలి.

నాన్న పచ్చకామెర్లతో పోయినప్పుడు నేను అవనిగడ్డలో ఇంటర్ చదువుతున్నాను. మా సంఘమంతా ఉపవాసం ఉండి ప్రార్థన చేసింది. నేనూ చేశాను, మోకాళ్ళు వాచేదాకా చేశాను. ఆయన పోయారు. ఆ వచ్చిన ఆదివారం నుంచి నేను చర్చికి వెళ్ళడం మానేశాను. అమ్మ ప్రతి ఆదివారం పొద్దున్నే తలదువ్వుకుని, తెల్లచీర కట్టుకుని, కాసేపు నా కోసం చూసి, నేను కదలకపోతే తనొక్కతే వెళ్ళిపోయేది. ఆరేళ్ళు అలాగే గడిచాయి. ఆ ఆరేళ్ళలో నా డిగ్రీ, బీయీడీ అయిపోయి, గుడివాడలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరుగా చేరాను. వారమంతా అక్కడ అద్దెగదిలో ఉండి, శనివారం సాయంత్రం దివిసీమలో మా ఊరికి వచ్చి, సోమవారం మొదటి బస్సుకి తిరిగి వెళ్ళేదాన్ని. తొంభైల చివర్లో మాట ఇది.

అమ్మ నాట్లకీ కలుపుకీ వెళ్ళేది. వంగి పనిచేసే ఆడవాళ్ళకి నడుం నొప్పి వింతేం కాదు కాబట్టి అమ్మకి నొప్పి మొదలైనప్పుడు ఎవరం పెద్దగా పట్టించుకోలేదు. ఊళ్ళో ఆర్ఎంపీ డాక్టరు ఇంజెక్షన్ చేసేవాడు, రెండు రోజులు తగ్గేది, మళ్ళీ వచ్చేది. రాను రాను తుమ్ము వస్తే గోడ పట్టుకోవాల్సి వచ్చింది. బస్సు మెట్టు ఎక్కాలంటే ఎవరైనా భుజం ఆసరా ఇవ్వాలి. అలాంటి సమయంలో బందరులో మూడు రోజుల స్వస్థత కూడికలు పెట్టారు. మా సంఘం ఆడవాళ్ళంతా బయల్దేరారు. అమ్మని బస్సెక్కించడానికి మనిషి కావాలి కదా, అందుకని నేనూ వెళ్ళాను. వెళ్ళినా లోపల కూర్చోలేదు. పందిరి చివర, వేరుశెనక్కాయల బండి పక్కన నిలబడి, ఎప్పుడైపోతుందా అని గడియారం చూసుకున్నాను.

మూడోరోజు అందరికీ కలిపి ప్రార్థన చేశాక అమ్మ నా వైపు నడుచుకుంటూ వచ్చింది. నిటారుగా వచ్చింది. ఎవరి భుజమూ పట్టుకోలేదు.

"నొప్పి?" అన్నాను.

"తేలిగ్గా ఉందే," అంది.

బస్సు తనంతట తనే ఎక్కింది. నేను కిటికీ పక్కన కూర్చుని చల్లపల్లి దాకా ఏడుస్తూనే ఉన్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నా జీవితంలో అంత సంతోషం అంతకుముందు లేదు. ఆరేళ్ళుగా పళ్ళ బిగువున పట్టుకున్న కోపం ఎటు పోయిందో తెలియలేదు. దేవుడు నా మాట వినలేదనుకున్నాను, విన్నాడు, కాకపోతే ఆలస్యంగా విన్నాడు అనుకున్నాను.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. మేలు పొందినవాళ్ళు ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పాలి. ఆ రోజు భోజనాలు కూడా వాళ్ళవే. సాక్ష్యానికి ఒక వరస ఉంటుంది. ముందు ఎంత బాధపడ్డారో, ఏ డాక్టరు చేతులెత్తేశాడో, ఏ రోజు ప్రభువు ముట్టాడో, ఇప్పుడెలా ఉన్నారో. అది అందరికీ తెలుసు. ఎక్కడ "స్తోత్రం" అనాలో కూడా తెలుసు, ముందే ఊపిరి పట్టుకుని సిద్ధంగా ఉంటారు. చదువు రానివాళ్ళకి ఇంట్లో ఎవరో ఒకరు రాసి, వాళ్ళ పక్కన నిలబడి చదువుతారు. అమ్మకి చదువు రాదు, నలుగురిలో నోరూ పెగలదు. కాబట్టి నేనే రాశాను.

రాసే ముందు అయ్యగారికి చెప్పడానికి వెళ్ళాను. మా ఊళ్ళో పాస్టరుగారిని అయ్యగారనే అంటాం. ఆయన పెద్దాయన, నెమ్మదస్తుడు, నా లాంటివాళ్ళకి చిరాకు తెప్పించేంత నెమ్మది.

"ఒక రెండు నెలలు ఆగుదామా అమ్మాయీ? తొందరేముంది?" అన్నారు.

"మేలు జరిగిందని ఒప్పుకోడానికి కూడా వాయిదా ఎందుకండీ?" అన్నాను కాస్త విసురుగా. ఆయన నవ్వారు.

శనివారం నోటుబుక్కు తీసుకుని అమ్మ ముందు కూర్చున్నాను. అమ్మ చింతపండు గింజలు తీస్తూ చెప్పింది, నేను రాశాను. చివరికి వచ్చేసరికి తల ఎత్తకుండా అంది, "పూర్తిగా పోయిందని రాయమాకే. కాస్త కలుక్కుమంటానే ఉంది."

"అదే మరి అవిశ్వాసం అంటే," అన్నాను. ఆరేళ్ళు చర్చి ముఖం చూడనిదాన్ని, ఒక్క ఆదివారం కూడా మానని మనిషికి విశ్వాసం గురించి పాఠం చెప్పాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అమ్మ మళ్ళీ చింతపండు చేతిలోకి తీసుకుంది. నేను "పూర్తిగా" అనే రాసి, దాని కింద గీత కూడా గీశాను.

మర్నాడు చదివాను. గొంతు బాగానే పలికింది. కాగితం అయిపోయినా నేను ఆగలేదు. మా నాన్నగారు పోయినప్పటి నుంచి దేవుడంటే నాకు కోపమని, ఇప్పుడది పోయిందని, ఇక ఏ సందేహమూ లేదని చెప్పాను. "నేను లెక్కల టీచర్నండీ, నాకు రుజువు కావాలి. ఇదిగో రుజువు, మా అమ్మ నడుము," అన్నాను. చర్చి కప్పు ఎగిరిపోయేలా "స్తోత్రం" అన్నారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. అమ్మ మాత్రం కళ్ళు తెరిచి నన్నే చూస్తోంది. అది సంతోషమనే అనుకున్నాను.

ఆ తర్వాత నన్ను పట్టుకునేవాళ్ళు లేరు. సండే స్కూలు పిల్లలకి పాఠాలు చెప్పాను. గుడివాడలో, పామర్రులో, ఎక్కడ గృహ కూడిక పెడితే అక్కడికి వెళ్ళి అమ్మ సంగతి చెప్పాను. అమ్మ నడుము నాతో పాటు ఊళ్ళు తిరిగింది. చెప్పినప్పుడల్లా కొద్దిగా పెరిగేది కూడా. మొదట బస్సు మెట్టు ఎక్కలేకపోయేది అన్నదాన్ని, ఎండాకాలం అయ్యేసరికి మంచం దిగలేకపోయేది అంటున్నాను.

అమ్మ చిక్కిపోతోంది. ఉపవాసాలు ఉంటున్నానంది, నమ్మాను. చర్చిలో చాప మీద ముందు వరసలో కూర్చునే మనిషి తలుపు పక్కన గోడకి చేరింది. అక్కడ గాలి బాగుందంది, నమ్మాను. వారానికి ఒక రోజు ఉండి వెళ్ళేదాన్నే అయినా, కళ్ళున్నదాన్నే కదా! చూడాలనుకోలేదు. రుజువు ఒకసారి రాశాక మళ్ళీ సరిచూసుకునే అలవాటు పిల్లలకి నేర్పేదాన్ని గానీ నాకు లేదు.

ఆ నవంబరులో తుఫాను హెచ్చరిక వచ్చి బడులకి సెలవు ఇచ్చారు. గదిలో ఒక్కదాన్నే కూర్చోలేక, బస్సులు ఆపేస్తారేమోనని పరుగున వెళ్ళి, పామర్రులో మారి, కూచిపూడి మీదుగా మా దారి పట్టాను. ఆకాశం బూడిద రంగులో ఉంది. వాన మాత్రం ఇంకా మొదలవలేదు. పులిగడ్డ దాటేసరికి గాలి లేచింది. ఇంటికి వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. తాళం వేసి ఉంది. పక్కింటి పిన్ని, "కలుపుకి వెళ్ళిందిగా," అంది. గాలివాన వస్తుంటే కలుపేంటని తిట్టుకుంటూ కాలవగట్టు మీద పడి వెళ్ళాను. అమ్మ జట్టు ఆడవాళ్ళు అప్పుడే పని ఆపి గట్టెక్కుతున్నారు.

"మీ అమ్మా? ఈ యేడు నాట్లు మొదలెట్టిన కాణ్ణించీ మాతో రావట్లేదుగా," అంది వాళ్ళ మేస్త్రి. "చర్చి ఊడ్చే పని ఒప్పుకున్నానంది. పొద్దున్నే కారేజీ పట్టుకుని అటే పోద్ది."

మా చర్చి ఒక్క గది. దాన్ని రోజంతా ఊడవడం ఏమిటి? అక్కడి నుంచి నడవలేదు, పరిగెత్తాను.

తలుపు దగ్గరగా వేసి ఉంది. తోశాను. సగం ఊడ్చి ఉంది, చీపురు ఒక పక్కన పడి ఉంది. అమ్మ చాప కూడా వేసుకోకుండా, ఉత్త గచ్చు మీద, బోర్లా పడుకుని ఉంది. చెంప గచ్చుకి ఆనించుకుంది. రెండు చేతులూ అటూ ఇటూ చాపింది. చనిపోయిందనుకున్నాను. నా చెప్పుల చప్పుడుకి కళ్ళు తెరిచి, నన్ను చూసి, గబగబా లేవబోయింది. లేవలేకపోయింది. పక్కకి దొర్లి, మోచేతి మీద ఆగి, ఊపిరి తీసుకుని, బల్ల కోడు పట్టుకుని కొంచెం కొంచెంగా లేచింది.

"వచ్చావేంటే? బడి లేదా?" అంది, ఏమీ జరగనట్టు.

నాకు ముందు జాలి కలగలేదు. నిజం చెప్పాలి, కోపం వచ్చింది. నన్ను అబద్ధాలకోరుని చేసిందన్న కోపం.

"ఎప్పటి నుంచి?"

"మొన్నీమధ్యే."

"అమ్మా! చర్చిలో ఉన్నావు."

తల దించుకుంది. "సాక్ష్యం చెప్పిన రెండో వారం నుంచి. గచ్చు చల్లగా ఉంటది, కాస్త ఊరట."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"అందరి ముందూ బాగయ్యానని చెప్పాక మళ్ళీ నొప్పంటే దేవుడి పేరు పోద్ది కదే," అంది. ఆ మాట నాకు సూటిగా తగిలింది. ఎందుకంటే ఆ చెప్పింది తను కాదు, నేను.

తుఫాను ఎటో వెళ్ళిపోయింది. రెండో రోజు అమ్మని బందరు ఆస్పత్రికి తీసుకెళ్ళాను. ఎక్స్‌రే తీశారు. వెన్నుపూసకి టీబీ అన్నారు. ఊపిరితిత్తులకే కాదు, ఎముకకి కూడా వస్తుందట. డాక్టరు ఫిల్ము వెలుగుకి పెట్టి, పెన్నుతో చూపిస్తూ, "ఇక్కడ రెండు పూసలు కూలిపోయాయి. మందులకి రోగం పోతుంది. వంగిన నడుం మాత్రం తిరిగి రాదు. ఒక ఆరేడు నెలలు ముందు తీసుకొచ్చి ఉంటే బాగుండేదమ్మా," అన్నాడు. ఆరేడు నెలలు. నేను ఊళ్ళు తిరిగి చెప్పిన నెలలు. డాక్టరు నన్ను తిట్టినా బాగుండేది. అమ్మ అతని చేతిలో ఫిల్ము వైపు ఆసక్తిగా చూస్తూ, "నాదేనాండీ అది?" అంది.

స్కూలుకి సెలవు పెట్టేశాను. అమ్మ నెలల తరబడి బల్లచెక్క మంచం మీద పడుకుంది. పూటకిన్ని మాత్రలు, నడుముకి బెల్టు. చూడ్డానికి సంఘం వాళ్ళు వచ్చేవారు. వచ్చిన ప్రతి ఒక్కరూ రొట్టె పాకెట్టుతో పాటు ఒక అర్థం కూడా తెచ్చేవారు. ఇది శోధన, దేవుడు పెట్టే పరీక్ష అంది ఒకావిడ. దేవుడికి ఇష్టమైనవాళ్ళకే ఇలాంటివి వస్తాయంది ఇంకొకావిడ. ఏదైనా ఒప్పుకోని పాపం ఉందేమో చూసుకోమన్నాడు ఒక పెద్దమనిషి, నా వైపు చూస్తూ. అమ్మ అందరికీ తలూపేది, వాళ్ళు వెళ్ళాక నిద్రపోయేది. నేను గదిలో అటూ ఇటూ తిరిగేదాన్ని. శోధన అయితే ఎవరికి? తప్పు చేసింది నేను, వంగింది అమ్మ నడుము. ఇందులో ఏ లెక్కా తేలడం లేదు.

ఒక సాయంత్రం ఉండబట్టలేక అయ్యగారింటికి వెళ్ళాను. ఆయన వసారాలో సైకిలు తుడుచుకుంటున్నారు. కూర్చోమన్నా కూర్చోకుండా అడిగేశాను.

"అయ్యగారూ, ఈ బాధకి అర్థం ఏంటండీ? ఎవరి మాట చెప్పొద్దు, మీరు చెప్పండి."

ఆయన గుడ్డ మడత పెట్టి పక్కన పెట్టారు. "నాకు తెలీదమ్మాయీ. తెలిస్తే ముప్పై ఏళ్ళుగా వారం వారం ప్రసంగానికి ఇంత తంటాలు పడతానా?"

"మరి అక్కడ నిలబడి చెబుతారు కదండీ."

"చెబుతాను. బాధలో ఆయన మనతో ఉంటాడని చెబుతాను. ఎందుకు పెట్టాడో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు, కావాలంటే గుర్తు చేసుకో. సిలువ మీద ప్రభువే ఎందుకని అడిగాడు. ఆ పూట పైనుంచి జవాబు రాలేదు. నువ్వు అడగడం తప్పు కాదు."

"ఇది జవాబు కాదండీ."

"కాదు," అని ఒప్పుకున్నారు. ఆగుదామని ముందే చెప్పానుగా అని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. అంటే నాలుగు మాటలు తిరిగి అందామని సిద్ధంగా వెళ్ళాను, ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

ఆదివారం వస్తే అమ్మ మంచం మీద నుంచి, "వెళ్తన్నావా?" అని అడిగేది. వెళ్ళేదాన్ని. భక్తితో కాదు. అమ్మ ఎలా ఉందో అడిగేవాళ్ళకి ఎవరో ఒకరు చెప్పాలి కదా. పాటలు పాడేదాన్ని కాదు. మోకాళ్ళ మీద ఉండి మనసులో దేవుడితో పోట్లాడి వచ్చేదాన్ని. ఇంటికి రాగానే, "వాక్యం ఏం చెప్పారు?" అని అడిగేది. వినలేదని చెప్పేదాన్ని. "పోన్లే, వెళ్ళావుగా," అనేది. నేను ఇక ఎక్కడా సాక్ష్యం చెప్పలేదు. చెప్పింది తప్పని కూడా చెప్పలేదు. అంత ధైర్యం లేదు.

ఎండలు ముదిరే వేళకి అమ్మ లేచి కూర్చోగలిగింది. నడుం దగ్గర ముందుకు వంగిపోయింది. నిలబడితే మన ముఖం చూడ్డానికి మెడ పైకెత్తాలి. ఒక శనివారం, "రేపు రిక్షా మాట్లాడు. సాక్ష్యం చెప్పాలి," అంది.

"సరే, రాస్తాను," అని నోటుబుక్కు కోసం లేచాను.

"నువ్వొద్దు. నువ్వు రాస్తే మొత్తం తగ్గిపోద్ది," అంది. ఎన్ని నెలల తర్వాతో ఇద్దరం నవ్వాం.

మర్నాడు అమ్మ చర్చిలో స్తంభం పట్టుకుని లేచింది. నోరు పెగలదనుకున్న మనిషి, కాగితం లేకుండా మాట్లాడింది.

"పోయినేడు నా నొప్పి పూర్తిగా పోయిందని చెప్పాం. పోలేదు. రెండు వారాలు తేలిగ్గా ఉంది. ఆ రెండు వారాలకి దేవుడికి వందనాలు. తర్వాత మళ్ళీ వచ్చింది, మీకు చెప్పకుండా దాచాను. నా మాట విని మందులు మానేసినోళ్ళు ఎవరన్నా ఉంటే మళ్ళీ వేసుకోండి. ఇప్పుడు కూడా నొప్పి ఉంది. దేవుడూ ఉన్నాడు. రెండూ ఎట్టా ఉన్నాయో నాకు తెలవదు. ఉన్నాయి."

చెప్పి కూర్చుంది. ఎక్కడ స్తోత్రం అనాలో ఎవరికీ తెలియలేదు. ముందే ఊపిరి పట్టుకున్నవాళ్ళు పట్టుకునే ఉన్నారు. కాసేపటికి వెనక నుంచి ఒక ముసలామె, రెండేళ్ళ కిందట తన సాక్ష్యానికి సంఘమంతటికీ భోజనం పెట్టినామె, "నా మోకాలు కూడా తగ్గలేదమ్మా," అంది సన్నగా. ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఇంకొకామె తన కొడుకు తాగుడు మానలేదని చెప్పి ఏడ్చింది. అయ్యగారు ప్రసంగం మొదలుపెట్టకుండా కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నారు. ఆ రోజు ప్రసంగం జరగనేలేదు.

ఇంటికొచ్చాక అమ్మని మంచం మీద కూర్చోబెట్టాను. బెల్టు విప్పి మందు రాసి మళ్ళీ కట్టాలి. రోజూ ఆ పని పక్కింటి పిన్నిది. అమ్మ నన్ను రానిచ్చేది కాదు. ఆ పూట పిన్ని ఊళ్ళో లేదు. నేను మందు సీసా పట్టుకుని నిలబడ్డాను గానీ మనసంతా చర్చిలోనే ఉంది.

"దేవుడి పేరు పోద్దని ఏడు నెలలు గచ్చు మీద పడుకున్నావు. ఇవాళ అందరి ముందూ చెప్పేశావు. ఇప్పుడు పోలేదా ఆయన పేరు?"

"ఆయన పేరు నా నడుం మీద ఆధారపడి ఉంటదా ఏంటే?" అంది అమ్మ. "ఆ రోజు నీకేదో ఒకటి చెప్పాలి గనక చెప్పాను."

"మరి?"

అమ్మ చీర అంచు సర్దుకుంది. "మీ నాన్న పోతే ఆరేళ్ళు దేవుడి మొహం చూడలా నువ్వు. నా నడుం చూసి వచ్చావు. రుజువన్నావు. నొప్పి మళ్ళీ వచ్చిందంటే మళ్ళీ పోతావని భయమేసింది. ఈసారి పోతే నేనుండగా తిరిగొస్తావో రావో. దానికంటే ఈ నొప్పే నయమనిపించింది."

నేను మందు సీసా కింద పెట్టాను.

"మరి ఇప్పుడెందుకు చెప్పావు?" అన్నాను.

"నా సంగతి తెలిసినాక కూడా నువ్వు వెళ్తానే ఉన్నావుగా. అలిగో, తిట్టుకుంటానో, వెళ్తానే ఉన్నావు. ఇంక దాచే పని లేదులే అనుకున్నా."

ఇన్ని నెలలు ఆ బాధకి అర్థం చెప్పమని ఊరందరినీ నిలదీశాను. అర్థం నేనేనట. అది విని ఓదార్పు కలగలేదు, ఇప్పటికీ కలగదు. నా కోసం ఒక మనిషి అంత మోసిందంటే కృతజ్ఞత రావాలి. వచ్చింది. దాంతో పాటే, ఎవరు మోయమన్నారు నిన్ను అని అరవాలనిపించింది. ఎవరు మోయమన్నారంటే నేనే, మైకు ముందు నిలబడి.

అరవలేదు. "ఎక్కడమ్మా నొప్పి?" అని అడిగాను. ఆ ప్రశ్న బందరు పందిట్లో అడిగాక మళ్ళీ అడగడం అదే మొదలు.

అమ్మ నాకు వీపు తిప్పి కూర్చుంది. పైట తీసేసి, వెనక్కి చెయ్యి చాపి నా చెయ్యి తడుముకుని పట్టుకుంది. తీసుకెళ్ళి నడుం మధ్యలో పొడుచుకొచ్చిన ఎముక మీద పెట్టింది.

"ఇక్కడ," అంది. "గట్టిగా నొక్కమాక."

అన్ని ఊళ్ళలో అంతమందికి నేను చెప్పిన ఆ నడుమును, నేను ముట్టుకోవడం అదే మొదటిసారి.